ఆయన పంచెలు, వాడి గోచీగుడ్డలు

నవంబరు 12, మంగళవారం

కోమలికి తల్లి లేదు. అందుకే కోడలి పురుడు తిరుపతిలో, నా ఇంట్లోనే జరగాలని పట్టుబట్టాను. మనవడికి మూడో వారం నడుస్తోంది. నిన్నటి దాకా డైపర్లు వేశారు. తొడల సందున ఎర్రగా పొక్కింది.

ఇక డైపర్ వద్దని కోమలే అంది. మెచ్చుకున్నాను. మరుక్షణం ఫోన్ తీసి వెదురునారా పత్తీ కలిపి నేసిన గోచీలు చూపించింది. బటన్లు, లోపల ప్యాడ్. ఆర్డర్ పెడతానంది. వేలితో తడిమి చూడని బట్ట నేను కొనను. గట్టి వెదురును మెత్తని నారగా మార్చడానికి ఏమేం రసాయనాలు పోస్తారో తెలుసా అని అడిగాను. రిటైరయ్యే దాకా హైస్కూల్లో సైన్సు చెప్పినదాన్ని.

"మీరు క్లాసు తీసుకుంటే నేను ఫెయిలే అత్తా" అని నవ్వింది. ఆర్డర్ పెట్టలేదు.

మా వైపు పసిబిడ్డకు కొత్తగుడ్డ తగలనివ్వరు. ఇంటి పెద్ద కట్టి విడిచిన పాతగుడ్డే చుట్టాలంటారు. నాకు ఆ నమ్మకంతో పని లేదు. నూలు ఉతికేకొద్దీ మెత్తబడుతుంది, నీళ్లు బాగా పీలుస్తుంది. అంతే.

నవంబరు 13

ట్రంకుపెట్టె తెరిచాను. ఆయన పోయినప్పటి నుంచి పంచెలు అందులోనే ఉన్నాయి. ఎవరికైనా ఇచ్చేద్దామని మునిశేఖర్ రెండుసార్లు అడిగాడు. కన్నకొడుకైనా వద్దన్నాను.

గుడ్డలుతికే కుప్పమ్మ ఒక కొస పట్టుకుంది. మొదటి పంచె చింపడానికి నా చెయ్యి రాలేదు. కుప్పమ్మకు అది అర్థం కాలేదు. "ఈ కాలంలో ఇదేం తలనొప్పమ్మా. ప్యాంటు మాదిరి తొడిగేసి ఇసిరేసేది అంగట్లో ఉండాది కదా" అంది. ఉతికేది తనే కాబట్టి ఆ మాత్రం అనే హక్కు ఉంది. అంచు పట్టి చింపాను. రెండో పంచె నుంచి సులువైంది.

పెద్ద గిన్నెలో అన్నీ ఉడికించాను. ఆయన వాసన పోయింది. పోతుందని తెలిసే ఉడికించాను.

నవంబరు 14

ముసురు. ఒక్క గుడ్డా ఆరలేదు. ఇస్త్రీ పెట్టెతోనే ఆరబెట్టాను. బయట ఉంచితే చెమ్మ, బొద్దింకలు. మడతలు పెట్టి ట్రంకులో సర్దాను. అందులోని పాత కలరా ఉండలు అరిగిపోయి కనిపిస్తే నాలుగు మూలలా కొత్తవి వేశాను.

నవంబరు 15, ఉదయం

పెట్టె తీస్తే ఆయన వాసన మళ్లీ వచ్చింది.

నవంబరు 17, ఆదివారం

మునిశేఖర్ సూళ్లూరుపేట దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వారానికోసారి వస్తాడు. కొడుకు తొడలు చూసి పొక్కులు మాయమయ్యాయని ఆశ్చర్యపోయాడు. "డాక్టరు క్రీము పనిచేసినట్టుందే" అన్నాడు. డాక్టరు క్రీము కాదు, మీ నాయన పంచె అన్నాను.

గుడ్డ వాసన గాటుగా ఉండాది అత్తా, వాడు రెండుసార్లు తుమ్మినాడు అంది కోమలి. అది మీ మామ వాసన అని చెప్పాను. ఆ పిల్ల బిడ్డను ఎత్తుకుని లోపలికి పోయింది. నేను గెలిచాననుకున్నాను.

నవంబరు 20

బిడ్డ సరిగా పాలు తాగడం లేదు. నిద్ర ఎక్కువగా ఉంది. మంచి బిడ్డ, ఏడవడు అంది కుప్పమ్మ.

నవంబరు 21, ఉదయం ఏడు గంటలు

గుడ్డ మార్చబోతే తడి గోధుమరంగులో ఉంది. చిక్కటి టీ నీళ్ల రంగు. విరేచనం కాదు, మూత్రమే. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కనురెప్ప విప్పి చూశాను. పసుపు. పెదవులు పాలిపోయాయి. కోమలిని పిలిచాను. ఆటోకు ఫోన్ చేశాను.

సాయంత్రం

ఆసుపత్రి వరండాలో రాస్తున్నాను. బిడ్డను గాజుపెట్టెలో నీలం లైటు కింద పెట్టారు. రక్తం ఎక్కిస్తున్నారు. మునిశేఖర్ మధ్యాహ్నానికి వచ్చాడు.

డాక్టరమ్మ చిన్న వయసు. రక్తకణాలు లోపలే పగిలిపోతున్నాయని చెప్పింది. కొందరు మగబిడ్డలకు పుట్టుకతోనే ఒక ఎంజైము తక్కువగా ఉంటుందట. మామూలుగా ఏమీ కాదట. కొన్ని మందులు, కొన్ని ఘాటైన వాసనలు తగిలితే ఇలా అవుతుందట. తర్వాత అడిగింది, ఇంట్లో బిడ్డ బట్టల్లో కలరా ఉండలు వేసినారా అని.

మునిశేఖర్ వెంటనే, "లేదు మేడం. మా అమ్మ చానా నీటు. గుడ్డలన్నీ ఉడకబెట్టినాకనే కడతాది" అన్నాడు.

కోమలి నా వైపు చూడలేదు. ఆ పిల్లకు తెలియదు. కుప్పమ్మకూ తెలియదు. ట్రంకు తాళం నా దగ్గరే ఉంటుంది. నేను ఊరుకుంటే ఊరుకోవచ్చు.

"వేశాను" అన్నాను. "గుడ్డలు ఆ పెట్టెలోనే పెట్టాను. వారం నుంచి అవే కడుతున్నాం."

డాక్టరమ్మ రాసుకుంది. గుడ్డలన్నీ పక్కన పెట్టేయమంది. కోమలి లేచి గాజుపెట్టె దగ్గరికి వెళ్లింది.

ఏటా తొమ్మిదో తరగతికి చూపించేదాన్ని. బీకరులో కలరా ఉండ వేసి సన్నని సెగ తగిలిస్తే కరగకుండానే ఆవిరైపోతుంది. గట్టి పదార్థం గాలిలోకి ఎలా పోతుందో పిల్లలకు ముక్కుతో తెలియాలని దగ్గరికి పిలిచేదాన్ని.

అది ఆయన వాసన కాదు. ఎప్పుడూ కాదు.

నవంబరు 22

రక్తం ఇంకా తక్కువే.

నవంబరు 23

కోమలి నాతో మాట్లాడటం లేదు. కోపమైతే అరవవచ్చు కదా. అరవడం లేదు. అన్నం తెస్తే తింటుంది. గిన్నె కడిగి ఇస్తుంది. నేను బిడ్డ వైపు చెయ్యి చాపితే మాత్రం తనే ముందు అందుకుంటుంది.

ట్రంకును డాబా మీద తెరిచి పెట్టించాను.

నవంబరు 25

కామెర్లు తగ్గాయి. పాలు తాగుతున్నాడు. రెండు రోజుల్లో పంపిస్తామన్నారు.

డాక్టరమ్మ కోమలితో ఒక మాట అన్నదట. డైపర్ వేసి ఉంటే ఆ రంగు అంత తొందరగా కనపడేది కాదు, ఇంకొక రోజు పోయి ఉంటే కష్టమయ్యేది అని. ఇన్ని రోజుల తర్వాత కోమలి నాతో మాట్లాడిన మొదటి మాట ఇదే.

"కిటికీ కాడికి తీసకపోయి కళ్లు సూసింది మీరే కదా అత్తా. నేనైతే నిద్రపోతాండాడు అనుకునేదాన్ని" అంది.

నన్ను ఓదార్చడానికే చెప్పిందని తెలుసు. మంచి ఒక వైపు, చెడు ఒక వైపు రాసినా ఒకటి ఇంకొకదాన్ని కొట్టేయదు. ఆ సంగతి కోమలికి చెప్పాను. "ఎవురు కొట్టేయమన్నారు మిమ్మల్ని" అంది. తర్వాత, నేను తెచ్చిన ఇడ్లీలో ఉప్పు తక్కువైందని కూడా అంది.

నవంబరు 28

ఇంటికి వచ్చాం. నూలు గోచీలు మనమే కుడదామని కోమలి అంది. కొత్త నూలు తెచ్చి ముందు చాలాసార్లు ఉతికి గంజి పోగొట్టాలని చెప్పబోయి ఆగాను. "చెప్పండత్తా" అంది. చెప్పాను. ఎక్కడ పెట్టాలి అని నేనే అడిగాను. తలగడ పక్కన వెదురుబుట్ట చూపించింది. మూత లేదు.

డిసెంబరు 2

కోమలి స్నానానికి పోతూ బిడ్డను నా ఒళ్లో వేసింది. గాలి ఆడనీ అని గుడ్డ కట్టలేదు. వాడు తడిపాడు. ఇస్త్రీ చేసిన తెల్లచీర.

తడి చూశాను. రంగు లేదు.

నిద్రపోయాడు. చీర మార్చుకోవడానికి నేను లేవలేదు.