వేళ్ల చివర చీమలు

ప్రియమైన పిచ్చుకకి,

నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేశాను. మెడలో గడ్డ తీసేశారు. దాన్ని పరీక్షకు పంపారు, మంచిదో చెడ్డదో ఇంకా తేలలేదు. గొంతు కుదుటపడేదాకా నోరు విప్పొద్దన్నారు. పొద్దస్తమానం "ఊపిరి తీసుకోండి, వదలండి" అని అరిచి బతికే యోగా టీచరుకి ఇంతకన్నా శిక్ష ఏముంటుంది? అందుకే ఫోను పక్కన పడేసి కాగితం పట్టాను. మీ ఆయన నడిపే బస్సు ఎటూ రోజూ మా వీధి చివర ఆగుతుంది కదా, మన తపాలా మరిదే.

నువ్వు భయపడతావని తెలుసు. బొద్దింకను చూసి కుట్టుమిషన్ ఎక్కి కూర్చున్నదానివి. నాకు మాత్రం భయం లేదు. పొద్దున్నే చాప పరుచుకుని కూర్చున్నాను. కాసేపు ఊపిరి గమనించేసరికి కుట్ల నొప్పి దూరం జరిగింది. పెదవుల చుట్టూ చీమలు పాకినట్టు చిన్న తిమ్మిరి. సాధన బాగా కుదిరినప్పుడు అలాగే ఉంటుందిలే.

నెలలు నిండే దాకా డాక్టరమ్మ చెప్పినట్టు మంచం దిగకు.

నోరు కట్టేసుకున్న
నీ అక్క

—

అక్కా,

నీకు మాట్లాడొద్దన్నారు, నాకు నడవొద్దన్నారు. ఇద్దరినీ కలిపి కుట్టినా ఒక్క ఆరోగ్యవంతురాలు తయారయ్యేలా లేదు. మంచం మీదే కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతున్నాను.

ఆ చీమల సంగతి నాకు నచ్చలేదు. సాధనే అనుకో, డాక్టరు చెవిన ఒక మాట వేస్తే పోయేదేముంది? "మీ అక్క రాయిలాంటి మనిషి, నువ్వు కంగారుపడకు" అని మా ఆయన నవ్వుతున్నాడు. రాళ్లకి ఆపరేషన్లు చెయ్యరు కదా అన్నాను.

నాకు భయంగా ఉంది. కడుపులో వాడు కదిలినా భయమే, కదలకపోయినా భయమే. నువ్వు నేర్పినట్టు కళ్లు మూసుకుంటే నా గుండె చప్పుడు నాకే వినిపించి ఇంకా భయం. అమ్మ పోయాక నాకంటూ మిగిలింది నువ్వే. ఇంతకీ మందులు వేసుకుంటున్నావా? ఆ ఊసే రాయలేదు.

నీ పిచ్చుక

—

పిరికి పిచ్చుకా,

మందులున్నాయిలే. కాల్షియం బిళ్లలట, ఒక్కొక్కటి కోటు గుండీ అంత. ఈ గొంతులోంచి దిగడమే గగనం. పైగా అన్నం తిన్నాకే వేసుకోవాలట. ఖాళీ కడుపుతో తప్ప నేను సాధన చెయ్యనని నీకు తెలుసు కదా. రెండు పూటలా చాప మీదే ఉంటున్నాను, తినే వేళే కుదరడం లేదు. గాయం మానాక చూద్దాంలే.

చీమలిప్పుడు వేళ్ల చివరలకూ వచ్చాయి. వేళ్లు తిమ్మిరెక్కితే ఊపిరి ఒళ్లంతా అందుతోందని నా దగ్గరకొచ్చే వాళ్లకి ఎన్నేళ్లుగా చెబుతున్నాను. అందుకే వేగంగా పీల్చి వదిలే పద్ధతి ఇంకాస్త పెంచాను. అది చేస్తున్నంతసేపూ బుర్రలో ఒక్క ఆలోచనా ఉండదు. ఆపగానే మళ్లీ... సరే, అదలా ఉంచు.

ఎందుకో ఈరోజు పెన్ను నిలవడం లేదు. అక్షరాలు వంకర్లు పోతే ఏమీ అనుకోకు. గోరంతను కొండంత చెయ్యకు. కింది వాటా వాళ్లు ఊరెళ్లారు, ఇల్లంతా నిశ్శబ్దం. ధ్యానానికి ఇంకేం కావాలి?

నీ అక్క

—

అక్కా,

నీ ఉత్తరం చూశాను. చివరి వరుసలు అక్షరాలు కావు, గీతలు. నీకు ఫోను చేశాను, మాట్లాడకపోయినా ఎత్తి ఒకసారి వేలితో తడతావని. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే.

ఆసుపత్రికి చేసి నీ ఉత్తరం నర్సమ్మకి ముక్కముక్కా చదివి వినిపించాను. చీమలు అనగానే ఆవిడ గొంతు మారిపోయింది. "బిళ్లలు వేసుకుంటున్నారా అమ్మా?" అంది. లేదన్నాను. "వెంటనే తీసుకొచ్చెయ్యండి. మెడ ఆపరేషన్ తర్వాత కాల్షియం పడిపోతే అలాగే అవుతుంది. ముదిరితే ఫిట్స్ వస్తాయి, గొంతు బిగుసుకుపోతుంది. ఆ వేగంగా ఊపిరి పీల్చడం ముందు ఆపించండి, దాంతో ఇంకా ఎక్కువవుతుంది" అంది.

మా ఆయన బస్సు ఇంకొకరికి అప్పగించి కారులో వస్తున్నాడు. ఎంత బతిమాలినా నువ్వు చాప మీంచి లేవవని తెలిసే ఇది రాసి ఆయన చేతికిస్తున్నాను. గదిలో ఒక్కదానివే ఉన్నావు, అరవడానికి గొంతు కూడా లేదు. మొదట నేనే బయలుదేరాను. గుమ్మం దాకా వెళ్లి కళ్లు తిరిగి కూలబడ్డాను. తలుపు తియ్యకపోతే పగలగొట్టెయ్యమన్నాను.

లే అక్కా. కోపముంటే తర్వాత తిట్టుకో.

చెల్లి

—

ప్రియమైన చెల్లికి,

బతికే ఉన్నానని మరిది చెప్పే ఉంటాడు. నరంలోకి కాల్షియం ఎక్కించారు. ఈరోజు పెన్ను నా మాట వింటోంది. నువ్వు గుమ్మం దాకా నడిచావని చదివి నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకోసారి అలా చెయ్యకు.

ఆ మధ్యాహ్నం చాప మీద ఉండగా వేళ్లు వాటంతటవే దగ్గరకు ముడుచుకున్నాయి. ముద్ర దానంతటదే కుదిరిందని మొదట సంతోషించాను. విప్పుదామంటే రాలేదు. ఇంకా గట్టిగా ఊపిరి పీల్చాను, ఇంకా బిగుసుకున్నాయి. ఫోను మోగుతోంది, పట్టుకోలేను. గడియ తియ్యలేను. నువ్వేనని తెలుసు, అయినా మోగుతుంటే చూస్తూ ఉండిపోయాను. తర్వాత తలుపు మీద మరిది భుజం దెబ్బలు వినిపించాయి.

భయం లేదని రాశాను కదా, అది అబద్ధం. ఆ గడ్డ ఏమని తేలుతుందోనని ఆసుపత్రి గేటు దాటినప్పటి నుంచీ నాకు వణుకే. పదిమందికి ధైర్యం చెప్పేదాన్ని నేనే బెదిరిపోతే ఎలా అని చాప మీదకు పరిగెత్తాను. నేను చేసింది సాధన కాదు చెల్లీ, దాక్కోవడం. అందుకే చీమలు నాకు మంచి శకునంలా కనబడ్డాయి.

డాక్టరు యోగా మానెయ్యమనలేదు. తిని, బిళ్లలు వేళకు వేసుకుని, మామూలు ఊపిరితో నెమ్మదిగా కూర్చోమన్నాడు. ఒంట్లో ఏ కొత్త మార్పు వచ్చినా ముందు తనకు చెప్పమన్నాడు. నిన్న సాయంత్రం నర్సమ్మ నా పక్కన కూర్చుంది. ఇద్దరం ఏమీ చెయ్యకుండా వచ్చే ఊపిరి, పోయే ఊపిరి చూస్తూ ఉన్నాం. భయం పోలేదు, కానీ నిద్ర పట్టింది.

ఒక సంగతి మరిది నీకు చెప్పి ఉండడు, నేనే చెప్పొద్దన్నాను. గొంతు తిరిగొస్తే మొట్టమొదట ఓంకారం పలకాలని అనుకున్నాను. తలుపు విరిగి ఆయన లోపలికి రాగానే నోట్లోంచి వచ్చింది వేరు. అది నా గొంతని నేనే గుర్తుపట్టలేదు. "భయమేస్తోంది, చెల్లిని పిలవవా" అన్నాను.

గడ్డ ఫలితం రేపు పొద్దున చెబుతారు. నువ్వు రాలేవని తెలుసు. డాక్టరు వచ్చే వేళకు ఫోను చెయ్యి, నర్సమ్మ నా చెవి దగ్గర పెడుతుంది. ధైర్యం చెప్పాలని చూడకు, ఏమీ మాట్లాడకు. అటువైపు నీ ఊపిరి వినిపిస్తే చాలు.

నీ అక్క