బేరింగుల బ్యాగు

సోమవారం, ఉదయం 5.10
తీర్మానం! ఈ శని, ఆదివారాలు భార్యాబిడ్డలతో కొండ బాట. వీపున బ్యాగు, మధ్యలో టెంటు, మర్నాడు శిఖరం. అంతా కాలినడకే! పద్దెనిమిదేళ్లుగా ఊరందరి లిఫ్టులూ బాగుచేస్తూ మెట్లంటే ఏమిటో మరిచిపోయాను. ఇక చాలు.

కిందటి రెండుసార్లూ సగంలోనే వెనక్కి తిరిగాను. పదకొండేళ్ల నా కూతురు నిన్న తేల్చి చెప్పేసింది: "ఈసారి కూడా పైదాకా రాకపోతే నిన్నింక పిలవను నాన్నా." చిన్నపిల్ల మాటే. గుచ్చుకుంది.

మంగళవారం
సాధన మొదలు. కొత్త బ్యాగులు రెండు, రెండూ నీలమే. ఒకదాంట్లో టెంటు, దుప్పట్లు. రెండోదాంట్లో సాధన కోసం పాత లిఫ్టు బేరింగులు, పదిహేను కిలోలు. మా అపార్ట్‌మెంటు ఏడంతస్తులూ ఎక్కేశాను! నాలుగుసార్లు ఆగాను. ఆగడం లెక్కలోకి రాదు.

బుధవారం
మూడో అంతస్తు దాకా మెట్లు. అక్కణ్ణుంచి లిఫ్టు. మోటారు శబ్దం ఎందుకో తేడాగా ఉంది. వృత్తిధర్మం, వినాలి కదా.

శుక్రవారం
పందెం గుర్రానికైనా ముందురోజు విశ్రాంతి ఇస్తారు. నిన్న కూడా ఇచ్చుకున్నాను.

మా ఆవిడ: "ఆ బ్యాగుల మీద ఏదైనా గుర్తు పెట్టండి. తారుమారవుతాయి."
నేను: "ఇరవై రకాల లిఫ్టుల్ని శబ్దం విని గుర్తుపడతాను. నాకా చెప్తావు?"

శనివారం
7.00: లోయ, పొగమంచు, పచ్చిక. అద్భుతం!
7.40: బ్యాగు కాస్త బరువు.
8.30: అద్భుతం చూద్దామంటే తల లేవడం లేదు. నా బూట్లే కనిపిస్తున్నాయి.
11.00: "నాన్నా, నీ బ్యాగు గణగణమంటోందేంటి?" "గిన్నెలమ్మా."
4.00: సగం దూరం. టెంటు వేద్దామని బ్యాగు విప్పాను. బేరింగులు! టెంటు ఇంట్లో హాయిగా పడుకుని ఉంది.

ఆవిడ: "శబ్దం విని గుర్తుపడతారు కదా! పొద్దుట్నుంచీ మోగుతుంటే వినపడలేదా?"

తిండి ఆవిడ బ్యాగులో ఉంది కాబట్టి బతికాం. బాట కాపలాదారు జాలిపడి తన గదిలో చోటిచ్చాడు.

ఆదివారం
6.00: మోకాళ్లు నావి కావు. ఇక్కణ్ణుంచి శిఖరానికి రోప్‌వే ఉందట! నేను ముందెళ్లి పైన మీకు స్వాగతం చెబుతానన్నాను. కూతురు నా వంక ఒకసారి చూసి, బూట్ల తాళ్లు బిగించుకుంది.
6.50: ఎక్కాను. ఇదీ ఎక్కడమే.
7.05: ఆగింది. గాల్లో.
7.10: స్పీకర్లో ఆపరేటర్: "కంగారు పడకండి సార్, ఐదు నిమిషాలే." లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్లకి పద్దెనిమిదేళ్లుగా నేను చెప్పే మాట. ఆ ఐదు నిమిషాలు ఎంతో నాకు తెలుసు.
8.20: ఒళ్లో బేరింగులు. కింద బాట మీద తల్లీకూతుళ్లు. "అమ్మలూ!" అని అరిచాను. చెయ్యి ఊపింది. ఆగలేదు.
10.00: కదిలింది. నేను పైకి చేరేసరికి వాళ్లు దిగడానికి సిద్ధంగా ఉన్నారు.

సోమవారం
గోడ మీది క్యాలెండర్లో వచ్చే నెల ఒక శనివారం చుట్టూ సున్నా. కింద నా కూతురి రాత: "కొండ. అమ్మ, నేను."

"మరి నేనో?"
"నీకు లిఫ్టులుంటాయిగా నాన్నా."

వెక్కిరించలేదు. మామూలుగానే అంది. స్నానాల గదిలోకి వెళ్లి ముఖం కడుక్కున్నాను, రెండుసార్లు.

తీర్మానం! ఆ క్యాలెండర్లోకి నేను ఎక్కాలి. రేపు 5.10కి మెట్లు. ఏడంతస్తులూ, ఆగకుండా! బేరింగుల బ్యాగు ఇంకా కింద పార్కింగులోనే ఉంది. ఇప్పుడే వెళ్లి తెచ్చుకుంటాను.

లిఫ్టులో. మోటారు శబ్దం ఒకసారి వినాలి.