జిలేబీ రంగు స్లైడ్లు

జూలై 8, 2024. సోమవారం. ప్రొద్దుటూరు

సఫ్రనిన్ సీసా మళ్లీ ఖాళీ. నేను బడులకు చేసిచ్చే మైక్రోస్కోప్ స్లైడ్లలో, కాడ లోపల నీళ్లు మోసే గొట్టాలను ఎర్రగా పట్టి చూపించే రంగు అది. ఇంత తొందరగా ఎలా అయిపోతోందో! మూత దగ్గర ఆవిరవుతోందేమో. నేను సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపిన రోజుల్లో కార్బన్ కడ్డీలూ ఇలాగే మాయమయ్యేవి. చివరికి మేనేజరే దొంగ. అది వేరే కథ.

గఫూర్‌ని అడిగితే, నేనేమన్నా తాగినానా మామా, అని నవ్వాడు. కాడలు కోసే నా కత్తికి పదును పెట్టేదీ, గురువారం గురువారం నా గడ్డం గీసేదీ వాడే. సెలూన్లో ముసలివాళ్ల గడ్డాలకు మెహందీ పెట్టీ పెట్టీ వాడి వేళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉంటాయి.

జూలై 10. బుధవారం

పులివెందుల షాపులో కూడా సఫ్రనిన్ లేదట. ఎల్లుండి జమ్మలమడుగు స్కూలుకు స్లైడ్లు పోవాలి.

పొద్దుతిరుగుడు కాడను బంగాళదుంప ముక్కలో ఇరికించి కోశాను. సెక్షన్ అంటే వెలుతురు దాటిపోయేంత పల్చటి ముక్కగా రావాలి. చెయ్యి ఈమధ్య కొంచెం ఊగుతోంది. అయినా ఆ స్కూలు ప్రత్యూష టీచర్ ప్రతిసారీ ఫోన్ చేసి, సార్, మీ సెక్షన్లు బుక్కులో బొమ్మల మాదిరి ఉండాయి, అంటుంది. నేను చదివింది ఐదో తరగతి. నన్ను సార్ అనేది ఆ అమ్మాయి ఒక్కతే.

రంగు లేక, జిలేబీలకు వేసే రంగులో ముంచాను. పచ్చగా, పసుపు కొట్టుకుని వచ్చాయి. సిగ్గేసి ఎవరికీ చెప్పలేదు.

జూలై 12. శుక్రవారం

స్లైడ్ల డబ్బా గఫూర్ చేతికిచ్చాను. ఎప్పుడూ వాడే తీసుకుపోతాడు. వాడి చెల్లెలిది జమ్మలమడుగే.

జూలై 15. సోమవారం, సాయంత్రం

మనసు ఒప్పక, రంగు సంగతి టీచరుకు చెప్పేద్దామని నేనే బస్సెక్కాను. నోరు తెరిచేలోపే మైక్రోస్కోప్ దగ్గర కూర్చోబెట్టింది.

ఎరుపు. అసలు సిసలు సఫ్రనిన్ ఎరుపు. సెక్షన్ ఒక్క కణం మందం. అంచు ఎక్కడా చిరగలేదు. ఎంత బాగుందంటే, కుళ్లు పుట్టింది.

నాది కాదు.

పిల్లలు చప్పట్లు కొట్టారు. దండం పెట్టాను. ఇంకేం చేస్తాను?

జూలై 16. మంగళవారం

గఫూర్ ఎవరి చెంపకో నురగ పూస్తున్నాడు. అడిగాను. బుకాయించలేదు. నీ చెయ్యి వణికేది ఊరంతా చూస్తాండారు మామా, నీకొక్కనికే కనపల్లేదు, అన్నాడు. రెండేండ్ల కిందట టీచరమ్మ ఇవి పనికిరావని వాపసు ఇచ్చె, నీకు చెప్పేదానికి నాకు నోరు రాలే, నువ్వు కోసేది చూసీ చూసీ నేనే నేర్చుకుంటి, నీ సీసాలో రంగే వాడితి, అన్నాడు.

మరి నావేవిరా అన్నాను. పెన్నేట్లో ఏసినా అన్నాడు.

ఈసారివి ఏ రంగులో ఉన్నాయో చెప్పమన్నాను. డబ్బా విప్పలే మామా, అన్నాడు.

చెయ్యి వణికితే వణికింది. రెండేళ్ల మెప్పు వాడిదైతే వాడిదే. కానీ, విప్పి కూడా చూడలేదట.

జూలై 18. గురువారం

గడ్డం నేనే గీసుకున్నాను. చాలాచోట్ల తెగింది. ఈ ఎరుపు మాత్రం నాదే.