శాలువాల బొంత

అశోక్‌నగర్,
ఆదివారం.

చి.ల.సౌ. హైమవతికి,

దీవెనలు. ఇక్కడ నేను బాగానే ఉన్నాను. మీ అక్కయ్యగారి మోకాలి ఆపరేషన్ నొప్పి తగ్గి, కాకినాడలో మీరంతా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. మన కాటుకా క్షేమమే. కానీ మొన్న మంగళవారం ఈ మాట రాయవలసి వస్తే కలం ఆగిపోయేది. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. నువ్వు స్పీకర్ పెడతావు, పక్కన అక్కయ్యగారు ఊఁ కొడుతుంటారు. ఇది ఆవిడ చెవిన పడవలసిన సంగతి కాదు.

ముందు నీ ఉత్తరానికి జవాబులు. కాటుకకు నీళ్లు గోరువెచ్చగా చేసే పెడుతున్నాను. పెరుగన్నం మానేసి, వేడన్నంలో ఉడికించిన గుమ్మడికాయ కలుపుతున్నాను. పొద్దెక్కాకే బాల్కనీలోకి తీసుకెళ్తున్నాను. ఎదురు అపార్ట్‌మెంట్ పుణ్యమా అని మనకు వచ్చే ఎండ చారెడే, దానికోసం కుక్కా నేనూ పోటీ పడుతున్నాం. ఈసారి చలి గట్టిగానే ఉంది. చిక్కడపల్లి మార్కెట్లో కూరలమ్మేవాళ్లు కూడా మంకీ క్యాపుల్లోంచే బేరాలాడుతున్నారు.

నీ చివరి ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి చెయ్యి సాగడం లేదు. "శాలువా కప్పాక కాటుక వెచ్చగా పడుకుంటోందా?" అని రాశావు. దాని బొంత తడిసిందని ఫోన్‌లో చెప్పినప్పుడు, "బీరువా నిండా మీ సన్మానం శాలువాలేగా, ఒకటి తీసి కప్పండి" అన్నావు. మర్నాడు అడిగితే కప్పానన్నాను. కప్పలేదు హైమా.

బొంత తడిపింది కూడా నేనే. సాహితీ సమితి వాళ్లు ఇంటికి వస్తున్నారు, కుక్క వాసన వేస్తుందేమోనని బకెట్లో ముంచాను. అంత మందపు బొంత ఈ చలిలో ఎక్కడ ఆరుతుంది? పధ్నాలుగేళ్ల ముసలిది, వెనక కాళ్లు పట్టు తప్పినది, ఒట్టి గచ్చు మీద ముడుచుకుని పడుకుంది. బీరువా తెరిచాను. జరీ అంచుల మీద చెయ్యీ వేశాను. సభలో నలుగురి ముందు నా భుజాన కప్పినదాన్ని కుక్కకు కప్పడమా అనిపించింది. బీరువా మూసి, పాత పేపర్లు పరిచాను.

పనిచేసే కురుమమ్మ ఊరుకోలేదు. "గిదేంది అయ్యా, బండల మీద గజగజ వణుకుతున్నది. జర ఏమన్న కప్పరాదు?" అంది. దానికి బొచ్చుంది కదా అన్నాను.

మంగళవారం పొద్దున కాటుక లేవలేదు. పిలిస్తే తోక మాత్రం కదిలించింది. గొంతులో గురగుర. కురుమమ్మ దాన్ని ఒళ్లో పెట్టుకుని నాతోపాటు ఆటో ఎక్కింది. నారాయణగూడలో వందన అనే డాక్టరమ్మ చూసి, నెమ్ము చేరిందన్నారు. "ముసలి ప్రాణం కదా సార్, ఒంట్లో వేడి నిలవదు. మందులకంటే ముందు వెచ్చగా ఉంచాలి. ఇంట్లో కప్పడానికి ఏం లేవా?"

"లేవండీ" అన్నాను.

"బీరువ నిండ శాలువలున్నయి గద అయ్యా" అంది కురుమమ్మ. ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, నేను మరిచిపోయాననుకుంది పాపం. డాక్టరమ్మ నా ముఖం చూసి, ఇంజెక్షన్ తీసే నెపంతో అటు తిరిగారు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఇంత సిగ్గు నా జన్మలో పడలేదు.

ఇంటికి రాగానే శాలువా తీసి కప్పాను. జారిపోయింది. ఇంకోటి కప్పాను. వేడినీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టాను. సీసా తగిలిన చోట తప్ప ఒళ్లంతా చల్లగానే ఉంది. పైన పటారం, లోన లొటారం. ఆ శాలువాల్లో ఒక్కదాంట్లోనూ ఉన్ని పోగు లేదు. లేదని నాకు తెలుసు, ఎందుకంటే అవన్నీ కొన్నది నేనే.

అవును. ప్రతి సన్మానానికీ ముందురోజు శాలువా కొని, కవర్లో పెట్టి సమితి వాళ్ల చేతికిచ్చేవాణ్ణి. మర్నాడు వాళ్లు దాన్ని నాకు కప్పేవారు. నేను వద్దు వద్దంటూనే తల వంచేవాణ్ణి. దూరానికి మెరిస్తే చాలని చవకవే ఏరేవాణ్ణి. నువ్వేమో వాటిని మడతపెట్టి, కలరా ఉండలు వేసి భద్రంగా దాచేదానివి. ఎవరూ ఇవ్వనివి కాబట్టే వాటిని అంతగా పట్టుకుని వేళ్లాడానేమో. ఆ పట్టుదలకు నోరులేని ప్రాణం పోయి ఉండేది.

మర్నాడు అన్నీ తెచ్చి కురుమమ్మ ముందు పోసి, బొంత కుట్టమన్నాను. మధ్యలో నీ పాత నేతచీరలు వేశాం. అడగకుండా తీశాను, కోప్పడకు. "జరీ మీదికి రావాల్నా అయ్యా?" అంది. "లోపలికి పెట్టు, దానికి గుచ్చుకుంటుంది" అని, సూదిలో దారం ఎక్కించి ఇచ్చాను. ఇప్పుడు కాటుక దాని మీదే పడుకుంటోంది. నీ చీర వాసనకేమో, ముక్కు అందులోకి దూర్చి నిద్రపోతోంది. నిన్న తనంతట తనే లేచి గిన్నె దాకా నడిచింది.

నిన్ననే సమితి కార్యదర్శి సాయిచైతన్య ఫోన్ చేశాడు. "వచ్చేవారం మీకు సన్మానం గురువుగారూ, శాలువా సంగతి మామూలేగా" అన్నాడు. "ఈసారికి వద్దు నాయనా, ఇంట్లో చలికి అక్కరకొచ్చాయి" అన్నాను. అతనికేం అర్థమైందో తెలియదు.

ఒక్క మాట మాత్రం నన్ను తొలుస్తోంది. నిరుడు శాలువా మడతపెడుతూ, "ఇంకోసారైనా కాస్త ఉన్నిది ఇవ్వమనండి, చలికాలం కప్పుకోవడానికైనా ఉంటుంది" అన్నావు. అది వాళ్లకు చెప్పమన్నావో, నాకే చెప్పావో. తెలిసే ఇన్నేళ్లూ కలరా ఉండలు వేశావా? జవాబులో ఆ సంగతి ఎత్తకు హైమా, తట్టుకోలేను. కాటుక ఎలా ఉందని మాత్రం అడుగు. ఈసారి నిజమే రాస్తాను.

ఇట్లు,
నీ భర్త,
విశ్వేశ్వరరావు