ఏ గల్లాలోంచి పోతే ఆ ఖాతా

మార్చి 3
పిన్ని చెప్పుల షాపు ఏడాది లెక్కలు ముగించాను. నాకంటే శుభ్రంగా రాసేవాళ్ళుంటే రమ్మనండి, చూస్తా. కౌంటర్‌కి నష్టం, ఆన్‌లైన్‌కి లాభం. ఆన్‌లైన్ చూసేది మా ఆయన. ఊరికే చెప్తున్నా.

మార్చి 4
రెండూ మోయడం ఇక తన వల్ల కాదంది పిన్ని. నష్టమొచ్చేది నెలాఖరుకి మూసేస్తుందట. అంటే కౌంటరే. పదకొండేళ్ళుగా అక్కడే ఉన్న కౌంటర్ అక్క ఏం చేస్తుందో, పాపం. అయినా అంకెలు నేను పుట్టించలేదుగా.
మా ఆయన అప్పుడే ఆన్‌లైన్ ఫోటోలకని కొత్త కెమెరా బేరమాడుతున్నాడు.

మార్చి 9, మధ్యాహ్నం
స్టాకు సరిచూద్దామని షాపుకెళ్ళా. గంటలో నలుగురొచ్చారు. ఒక్కరూ కొనలేదు. ఆన్‌లైన్‌లో కొన్నవి బిగుతట, రంగు వేరట. తిరిగిచ్చేసి డబ్బు పట్టుకుపోయారు. అక్క తన గల్లాపెట్టెలోంచే ఇచ్చింది. రోజూ ఇంతేనా అంటే, నువ్వే కదమ్మా తీసుకోమన్నావు అంది.
అవును, నేనే. డబ్బు ఏ గల్లాలోంచి పోతే ఆ ఖాతాలోనే రాయాలని రూలు పెట్టిందీ నేనే. అమ్మకమేమో మా ఆయన ఖాతాలో, వాపసేమో అక్క నెత్తిన. ఛీ! ఏడాది పొడుగునా!

మార్చి 10
వాపసులన్నీ ఆన్‌లైన్ ఖాతాలోకి మార్చాను. కౌంటర్‌కి లాభం. ఆన్‌లైన్ నిండా మునిగింది. మూడుసార్లు కూడి చూశాను. నా కూడిక తప్పయితే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది. తప్పు కాదు. నా కూడిక ఎప్పుడు తప్పింది గనక.

మార్చి 11
మా ఆయనకి చెప్పాను. అక్క వెళ్ళాక సరిచెయ్యొచ్చుగా, ఇప్పుడు నిన్నెవరడిగారు అన్నాడు. నిజమే, ఎవరూ అడగలేదు.

మార్చి 12
పిన్నికి కాయితాలిచ్చేశా. తప్పు నాదేనని నా నోటితోనే చెప్పా. తిడుతుందనుకున్నా. కాయితాలన్నీ తిరగేసి, ఆన్‌లైన్ మూసేస్తా సరే, మరి అల్లుడి సంగతేంటే అంది. కౌంటర్‌లో అక్కొక్కతే ఉందిగా, తనకి ఇష్టమైతే ఆయన్నీ అక్కడే పెట్టు అన్నా. అంత ధైర్యంగా ఎలా అన్నానో! ఇంట్లో కూడా అలాగే చెప్తా. ఎందుకు చెప్పలేను?

మార్చి 13
చెప్పా. తినకుండా పడుకున్నాడు.

ఏప్రిల్ 2
ఇవాళ నాలుగు జతలు అమ్మాడట. అక్క ఫోన్ చేసి చెప్పింది. ఆయన చెప్పలేదు.