అత్తమ్మ క్లారినెట్

తమ్ముడు అనిల్‌కు, చిల్కానగర్ నుంచి అక్క దోర్కా వందనాలు. ఇక్కడ అందరం కులాసా.

మా అత్తమ్మ అరవై నాలుగేళ్ల వయసులో క్లారినెట్ నేర్చుకుంటోంది. చర్చిలో మామయ్య వాయించినదే. "నలభై ఏండ్లు తుడిచిన గని, ఒక్కనాడు నోట్ల వెట్టుకోలే" అంటూ నాచారం బ్యాండు మాస్టరు దగ్గర చేరింది. మొదటి నెలంతా కీచుమనడమే. పక్కింటి మల్లవ్వ ఆ కీచు చప్పుళ్లను తన కుక్కర్ విజిళ్లనుకుని స్టవ్ బంద్ చేసేది. పప్పు ఉడికేది కాదు. ఇప్పుడు, "వదినా, ఊదుడు అయిందా? పప్పు వెట్టాలె" అని అడిగి వెలిగిస్తోంది.

మొన్న ఆదివారం ఆరాధనలో వాయించింది. ఆఖరి చరణంలో ఊపిరి అందక ఆగిపోయింది. నేను తల దించుకున్నాను. కానీ సంఘంలో ఒక్కరూ పాట ముందుకు తీసుకుపోలేదు. అందరూ ఆగారు. అత్తమ్మ ఊపిరి తీసుకుని, ఆగిన చోటునుంచే ఎత్తుకుంది.

మేక ఈనిందా? పచ్చజొన్నలుంటే రెండు కిలోలు పంపు. అత్తమ్మ మీకు దీవెనలు చెప్పమంది.

బైబిలు చదవడం నేర్చుకొమ్మంటే అమ్మ, "గీ వయసుల నాకేం సదువు బిడ్డా" అంటుంది కదా. అందుకే ఫోన్ చేయకుండా కార్డు రాశాను. అమ్మకు నువ్వు ఒక్కసారే చదివి వినిపించు. రెండోసారి అమ్మే చదువుకోవాలి, అందాకా దాచిపెట్టు.