మా కప్పు, మీ నేల

పై అంతస్తు డాన్సు టీచరమ్మ గారికి,

కింద షాపులో గడియారాలు బాగుచేసేవాడు నమస్కారం పెట్టి రాస్తున్న సంగతి. మీరు హాలు తీసుకున్నప్పటి నుంచి సాయంత్రమైతే నా గుండె దడదడలాడుతోంది. చేతులు వణుకుతున్నాయి. కుర్చీలో కూర్చోలేకపోతున్నాను. త్వరగా ఏదో ఒకటి చెయ్యండి.

మీ కిందివాడు

తా.క. నిన్న గడియారం మరమేకు ఒకటి ఎగిరి టీలో పడింది. చూసుకోకుండా తాగేశాను.

*

గడియారాల బాబాయి గారికి,

మీ ఉత్తరం చదివి మనసు కదిలింది. ఉన్నదున్నట్టు ఇలా చెప్పుకునేవాళ్లు తక్కువ. మా దగ్గర నేర్పేది ఉట్టి డాన్సు కాదు. నోటితో చెప్పుకోలేని బాధని కాళ్లూ చేతులూ కదిపి దింపుకోవడం. అదీ ఒక వైద్యమే. మంగళవారం మీకు చోటు ఉంచాను. వదులు బట్టలు వేసుకుని రండి.

పైనుంచి, మీ టీచరు

తా.క. మరమేకు విషయం మాత్రం వేరే డాక్టరుకి చూపించుకోండి.

*

టీచరమ్మా,

నాకే బాధా లేదు! నా బాధల్లా మీరే! రోజూ సరిగ్గా నా నెత్తిమీదే ఎవరో కసికొద్దీ తొక్కుతున్నారు. వెంట్రుకంత స్ప్రింగుని పట్టకారుతో పట్టుకుంటానో లేదో, ధన్‌మని మోత! ఇక ఊరుకోను.

ఓపిక అయిపోయినవాడు

తా.క. నాకు వదులు బట్టలు లేవు. ఉన్నా వేసుకోను.

*

బాబాయి గారూ,

కాగితం చిరిగేలా రాశారు. చాలా సంతోషం. రెండో ఉత్తరానికే గుణం కనిపిస్తోంది. "నాకే బాధా లేదు" అని మొదట అందరూ అంటారు.

మీ నెత్తిమీద తొక్కే ఆవిడ మొదట్లో గోడవారగా నిలబడి చెయ్యి కూడా ఎత్తేది కాదు. "ఎవరితో మాట్లాడాలని ఉండి మాట్లాడలేకపోతున్నారో, వాళ్లని తలుచుకుని అడుగెయ్యండి" అన్నాను. హాలంతా కలియతిరిగి ఆ చోటే ఎంచుకుంది. ఆవిణ్ణి ఆపమని నేను చెప్పలేను.

మీ మేలు కోరే టీచరు

తా.క. మామూలు బట్టలైనా పరవాలేదు.

*

టీచరమ్మ గారికి,

మొన్న నేను పైకొచ్చింది చేరడానికి కాదు, పోట్లాటకి. "ఎవరండీ నా నెత్తిన తొక్కేది?" అని అరిచి నేలని దబదబా తన్నాను. మీవాళ్లు అదేదో కొత్త అడుగనుకుని అందరూ అలాగే తన్నారు. ఒక్కావిడ మాత్రం ఆగిపోయి నన్నే చూసింది.

మా ఆవిడ.

సాయంత్రాలు వాళ్లక్క ఇంటికి వెళ్తోందనుకుంటున్నాను. మీ మెట్లు వెనకవైపు కదా, నా కంటపడలేదు. మా అమ్మాయి పోయినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య "వడ్డించనా", "తలుపేశావా" తప్ప మాటల్లేవు. నేను గడియారాల్లో తల దూర్చుకుని కూర్చున్నాను.

"నువ్వా తొక్కేది?" అన్నాను.

"మీ కుర్చీ ఎక్కడుంటుందో నాకు తెలీదా? ఒక్కసారైనా తలెత్తి చూస్తారేమోనని" అంది.

తర్వాత జరిగింది మీరు చూశారు. అంతమందిలో అలా ఏడుస్తానని నేననుకోలేదు. పాట ఆపకుండా ఉంచారు, మంచి పని చేశారు. ఇంటికి నడుస్తూ అమ్మాయి పేరు ఇద్దరం పైకే అనుకున్నాం.

మంగళవారం ఇద్దరం వస్తాం.

ఆవిడ పక్కన నిలబడబోయేవాడు

తా.క. ఆ పూట షాపులో మా తమ్ముణ్ణి కూర్చోబెడుతున్నాను. వాడు తిడుతూ ఉత్తరం రాస్తే, వాడికీ ఒక చోటు ఉంచండి.